దుర్గక్క కన్ను

మేడ్చల్ పాత బస్టాండు వెనక బజారులో చక్రపాణి నడిపే మ్యాచింగ్ సెంటర్ ఉంది. అందులో పట్టపగలు కూడా ఆరు ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. దుర్గాబాయి వాటిని నమ్మదు. ట్యూబులైటు కింద చూసిన రంగూ పెళ్ళిచూపుల్లో చూసిన పిల్లాడూ ఒకటేనని, అసలు సంగతి ఇంటికి పోయాకే తెలుస్తుందని ఆమె అంటుంది. అందుకే ఎవరు చీర పట్టుకొచ్చినా కొంగు అందుకుని, గడప దాటి, ఎండ పడే మెట్టు మీద నిలబడుతుంది. కొంగును ముంజేతి మీద పరిచి, తల ఒక పక్కకు వాల్చి చూస్తుంది. చూసి ఒక్క మాట చెబుతుంది. ఉల్లిపొర. మెంతి. రాణి. చిలకపచ్చ. అంతే. చెప్పాక 'అవునా' అని పక్కవాళ్ళను అడగడం ఆమె ఇంటావంటా లేదు.

ముప్పై ఏళ్ళుగా ఆ మెట్టు మీద ఆమె చెప్పిందే రంగు. శామీర్‌పేట నుంచి, రావల్‌కోల్ నుంచి, దారిలో ఇంకో నాలుగు దుకాణాలు దాటుకుని ఆడవాళ్ళు ఇక్కడికే వచ్చేవాళ్ళు. 'దుర్గక్క కన్ను పడ్డ జాకెట్టు' అని చెప్పుకోవడం వాళ్ళకు ఒక గొప్ప.

ఆ సోమవారం పొద్దున కూడా పని మామూలుగానే నడుస్తోంది. దుర్గాబాయి మెట్టు మీద నుంచే రంగు పేరూ, అర లెక్కా చెబుతోంది. లోపల సుచిత్ర అట్టకు చుట్టిన తాను లాగి, మీటరు కర్రతో కొలిచి, కత్తెరతో కోసి, మడిచి కవర్లో పెడుతోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. అత్వెల్లి నుంచి రోజూ షేరింగ్ ఆటోలో వస్తుంది. నాలుగేళ్ళ నుంచి పని చేస్తున్నా మాట బయటికి రాదు. ఆ పిల్లలో దుర్గాబాయికి నచ్చనిది ఒక్కటే. కోసిన గుడ్డను గల్లా దగ్గర మడవకుండా లోపలికి, స్తంభం వెనక్కి పట్టుకుపోతుంది. ఒక్క మీటరు గుడ్డ మడవడానికి అంతసేపు ఏమి చేస్తుందో తెలియదు. నువ్వు కూసో అక్కా, నేను మడిచి ఇస్తా అంటుంది. మడత నేర్చుకోవడానికే నాలుగేళ్ళు పట్టిందంటే ఇక పని నేర్చుకునేది ఎన్నడని దుర్గాబాయి చాలాసార్లు చక్రపాణితో అన్నది కూడా.

పదకొండింటికి దుకాణం ముందు తెల్ల కారు ఆగింది. రావల్‌కోల్ లక్ష్మీకాంతమ్మ దిగింది. భూములూ, వెంచర్లూ, ఊళ్ళో మాటా ఉన్న ఇంటి పెద్దామె. మనవరాలు ఇషిత పెళ్ళికి బట్టలన్నీ ఇక్కడే మ్యాచింగ్ చేయించింది. ఆమె చేతిలో ఒక కవరు ఉంది. దాన్ని గల్లా మీద పెట్టి, నిదానంగా చీరా, కుట్టించిన జాకెట్టూ బయటికి తీసింది. కోపం చేసే మనిషి కాదు. కోపం చేయని వాళ్ళంటేనే చక్రపాణికి ఎక్కువ భయం.

"దుర్గా, ఇది నేరేడు రంగు చీర. నువ్వే చెప్పినవ్. మరి ఈ జాకెట్టు ఏం రంగు?"

దుర్గాబాయి రెండూ పట్టుకుని మెట్టు మీదికి పోయింది. తల వాల్చి చూసింది. నేరేడే. రెండూ నేరేడే. కానీ వెనక్కి తిరిగి చూస్తే చక్రపాణి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

జరిగింది లక్ష్మీకాంతమ్మ చెప్పింది. టైలరు దీపాల వెలుతురులో కుట్టాడు, ఇంట్లో ఎవరూ గమనించలేదు. నలుగు పెట్టే రోజు తను అది తొడుక్కుని పెళ్ళికూతురి పక్కన పీట మీద కూర్చుంటే, పందిట్లో ఎండ పడ్డాక ముత్తయిదువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పసుపు దంచిన ఇంట్లో నల్ల జాకెట్టు. పిల్లవాడి తరఫు ఆడవాళ్ళ ముందర లేచి వెళ్ళి మార్చుకుని రావలసి వచ్చింది. 

దుర్గాబాయికి కాళ్ళ కింద మెట్టు కదిలినట్టయింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ఏదో ఒకటి అనాలి. నోటికి ఏది వస్తే అది వచ్చింది.

"నేను ఎప్పటి లెక్కనే నేరేడు అర మీద చెయ్యి పెట్టిన. గా అరల నల్లది పెట్టిందెవరు? బుధవారం అరలు సర్దింది ఈ పిల్లనే."

అందరూ సుచిత్ర వైపు చూశారు. ఆ పిల్ల చేతిలో కత్తెర అలాగే ఉంది. గుడ్డ కోసింది తెల్లారి బేస్తారం నాడు, ఆ రోజు నేను లేనక్కా, అమ్మకు జొరమొస్తే సెలవు పెట్టిన అని మాత్రం అన్నది. ఇంకా ఏదో చెప్పబోయి, దుర్గాబాయి కళ్ళలోకి చూసి ఆగిపోయింది. చక్రపాణికి ఆ చూపు పట్టలేదు. పెద్దింటి మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళ పేరు ఒక పక్క, నాలుగేళ్ళ కిందట చేరిన పిల్ల ఒక పక్క. త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పడానికి పంచాంగం చూడనక్కర లేదు. ఇగ రేపటి సంది రాకు అన్నాడు.

సుచిత్ర కత్తెరను గల్లా మీద, మొన అవతలి వైపుకు ఉండేట్టు పెట్టింది. టిఫిన్ డబ్బా తీసుకుంది. మెట్టు దిగుతూ దుర్గాబాయి పక్కన ఒక్క క్షణం ఆగింది.

"అక్కా, పండేదాక ఆగకు. జల్దీ చూపిచ్చుకో."

అది మాట కాదు, ముల్లు. దుర్గాబాయి కళ్ళలో మోతిబిందు, అదే శుక్లం, ఉన్న సంగతి అందరికీ తెలుసు. ఆరేళ్ళ కిందట కళ్ళద్దాల దుకాణం వాడు చెప్పాడు, ఇంకా పండలేదు, పండాక తీస్తారని. పండుతుంది లే అని ఆమె నవ్వుతూ చెబుతూనే ఉంది. పనిలోంచి పోతూపోతూ ఈ పిల్ల దాన్ని ఎత్తి పొడుస్తుందా అని ఒళ్ళు మండింది. ఆ మంటే ఆమెను రెండు రోజుల్లో ఆస్పత్రికి పంపింది. నా కన్నులో ఏ దోషమూ లేదని కాగితం మీద రాయించుకుని వస్తానన్నది.

శామీర్‌పేట దారిలో కొత్తగా కట్టిన కంటి ఆస్పత్రి అది. కూతురు సుస్మిత తుర్కపల్లిలో మందుల ల్యాబులో పని చేస్తుంది. అక్కడి వాళ్ళు చెప్పగా ఫోన్లోనే అమ్మ పేరు రాయించింది. ఎల్లేష్ తన ఆటోలోనే పెళ్ళాన్ని ఎక్కించుకుని వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆమె ఆ ఆటోలో ముందు మీటరు వైపు చూడకుండా కూర్చోవడం ఇదే మొదలని దారి పొడుగునా నవ్వించే ప్రయత్నం చేశాడు. ఆమె నవ్వలేదు.

డాక్టరు సృజన నలభై ఏళ్ళ మనిషి. చీకటి గదిలో దుర్గాబాయి గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, సన్నని వెలుగు గీతను ఇటూ అటూ జరిపి చాలాసేపు చూసింది. పండిందా అని దుర్గాబాయి అడిగింది. పండడం కాదు, మాగి కుళ్ళబోతోంది అన్నది ఆమె. పండేదాకా ఆగాలనేది పాత రోజుల మాట. ఇంకో ఏడాది ఆగి ఉంటే లేజర్ కూడా లోపలికి సరిగా దూరేది కాదట.

లేజర్ అంటే పొరను కాల్చి కరగబెట్టడమని దుర్గాబాయి విని ఉన్నది. అదే అడిగింది. కాల్చడం కాదని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. కంటి లోపల సన్నని సంచి ఉంటుంది. దాని ముందు వైపున లేజరు గుండ్రంగా కోత పెడుతుంది. లోపల గట్టిపడ్డదాన్ని ముక్కలు ముక్కలు చేస్తుంది. అంతవరకే దాని పని. తర్వాత ఆ ముక్కల్ని తను సన్నని గొట్టంతో తీసేసి, అదే సంచిలో కొత్త లెన్సు కూర్చోబెడుతుంది.

దుర్గాబాయి బొమ్మను చూసి తల ఆడించింది. "జాకెట్టుకు గుండ్రం మెడ తీసినట్టు."

డాక్టరమ్మ కలం ఆపి నవ్వింది. "అదే. అయిదు మిల్లీమీటర్ల మెడ. చేత్తో కూడా తీస్తాం. లేజరైతే వంకర పోదు."

తర్వాత ఆమె ఇంకో మాట అన్నది. నవ్వకుండా అన్నది. "మీ కటకం గోధుమ రంగుకు తిరిగింది అమ్మా. చాయ్ గ్లాసులోంచి లోకాన్ని చూస్తున్నట్టు. నీలం, ఊదా మీకు సరిగా కనబడి ఎన్నేళ్ళయిందో."

ముప్పై ఏళ్ళ సంది నేను రంగుల పనే జేస్తున్నా డాక్టరమ్మా అన్నది దుర్గాబాయి. డాక్టరు కలం అందుకుంది. కుడి కన్ను శుక్రవారం, ఎడమది పదిహేను రోజుల తర్వాత అని చీటీ మీద రాసి ఇచ్చింది. దోషం లేదని రాయించుకోవడానికి పోయిన మనిషి చీటీని మడిచి కొంగున ముడి వేసుకుని తిరిగి వచ్చింది.

శుక్రవారం పొద్దున కంట్లో చుక్కలు వేసి వేసి కంటిపాపను పెద్దది చేశారు. తర్వాత మొద్దుబారే మందు వేశారు. చల్లని గదిలో బల్ల మీద పడుకోబెట్టి, మెల్లగా ఒక యంత్రం కిందికి జరిపారు. కంటి మీద చిన్న గిన్నె బోర్లించి అదిమినట్టయింది. నొప్పి లేదు. కదలకండి అని నర్సు చెయ్యి పట్టుకున్నది. ఎక్కడో సన్నగా తుమ్మెద మోత లాంటిది మొదలైంది. నల్లటి మధ్యలో చిన్న చిన్న వెలుగు చుక్కలు గుండ్రంగా లేచాయి. ఎవరిదో కనబడని చెయ్యి మెడ చుట్టూ చుక్కల గుర్తు పెట్టినట్టు, ఆ గుర్తు మీదే కోసుకుపోయినట్టు అనిపించింది. నిమిషం కూడా పట్టలేదు. ఇంత వంకర లేని కోత తన చేతుల మీదుగా ఎన్నడూ పోలేదని దుర్గాబాయి అనుకున్నది. పనిమంతుడి పని చూస్తే పనిమంతుడికి అసూయ పుట్టడం సహజం, అది లేజరైనా సరే.

రెండో గదిలో పెద్ద దీపం కింద చాలాసేపు పడుకుంది. నీళ్ళ చప్పుడు. చెవి పక్కనుంచి ఏదో చల్లగా జారింది. రంగు పోయే గుడ్డను బకెట్లో జాడించినట్టు కన్ను నిండా రంగులు ఊరి, విడిపోయి, మళ్ళీ ఊరుతున్నాయి. మొదట అన్నీ బెల్లపు పాకం రంగువే. ఆ పాకం ముక్కలై ఒక్కొక్కటే ఎటో పోతున్నాయి. ముక్క పోయిన చోటల్లా సందులోంచి ఇంకేదో లోపలికి వస్తోంది. దాని పేరు ఆమెకు తెలుసు. చాలా తెలిసిన పేరు. నాలుక చివరకు వచ్చి ఆగింది. చిన్నప్పుడు అమ్మ తెల్లబట్టలు జాడించే నీళ్ళలో చిటికెడు పొడి వేస్తే నీళ్ళన్నీ ఒక్కసారి అలాగే మారేవి. దాని పేరేదో చెప్పేలోగా లెన్సు వచ్చి కూర్చున్నది. అయిపోయింది దుర్గమ్మా అని డాక్టరు గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

మర్నాడు కంటి మీది కప్పు తీశారు. దుర్గాబాయి ముందు చూసింది డాక్టరమ్మ తెల్లకోటును. అది తెలుపు. ఇన్నాళ్ళూ ఏ తెలుపును చూసి తెలుపన్నదో ఆమెకు అర్థం కాలేదు. ఇది కళ్ళను కోసేటంత తెలుపు.

నల్లద్దాలు పెట్టుకుని ఆటో ఎక్కింది. శామీర్‌పేట చెరువు కట్ట దగ్గరికి రాగానే ఆపమన్నది. ఎల్లేష్ కంగారుపడి కన్ను నొస్తున్నదా అని అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా దిగి, అద్దాలు కాస్త పైకెత్తి, నీళ్ళ వైపు చూసింది. నిన్న ఆ బల్ల మీద నాలుక చివర ఆగిన పేరు ఇప్పుడు దొరికింది. నీలం. నీళ్ళన్నీ నీలం. నీళ్ళ మీది ఆకాశం ఇంకో నీలం. దూరాన గుట్టల మీద పలచని ఊదా పొగ. ఎడమ చెయ్యి ఎత్తి కుడి కన్ను మూసుకుంది. చెరువు చాయ్ అయింది. తెరిచింది. నీలం. మూసింది. చాయ్. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారన్న ఎరుక కూడా లేకుండా ఆమె అట్లా చెరువును మారుస్తూ, మళ్ళీ తెస్తూ నిలబడిపోయింది. కంట్లో నీళ్ళు రాకూడదని డాక్టరు చెప్పింది. అయినా వచ్చాయి.

తిరిగి ఆటో ఎక్కబోతూ తన కొంగు చూసుకుంది. రెండేళ్ళ కిందట తనే ఏరి కొనుక్కున్న బూడిద రంగు చీర. అది బూడిద రంగు కాదు. లేత ఊదా, గుల్మొహర్ పక్కన పూసే పేరు తెలియని పువ్వు రంగు.

"ఈ చీర ఏం రంగయ్యా?"

ఊదా అన్నాడు ఎల్లేష్. కొన్న రోజే అన్నాడట. నీ ఆటో కంటే నీకు రంగులేం తెలుసని అప్పుడు ఆమె నోరు మూయించిందట. ఆ మాట అని అతను నవ్వాడు. దుర్గాబాయి నవ్వలేకపోయింది.  రెండేళ్ళ కిందటే ఊదా బూడిద అయితే, మెట్టు మీద ఈ రెండేళ్ళూ తను చెప్పిన రంగులేమిటి?

నాలుగు రోజులు ఇంట్లో ఆగమంటే రెండు రోజులే ఆగింది. మంగళవారం దుకాణానికి పోయింది. సుచిత్ర స్థానంలో ఇంకా ఎవరూ రాలేదు. చక్రపాణి ఆమెను గల్లా పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, ఇవాళ్టికి ఊరికే కూర్చోమని చాయ్ తెప్పించాడు. ఎదురుగా రెండు అడుగుల దూరంలో అరలు. ముప్పై ఏళ్ళుగా తన చేత్తో సర్దిన అరలు. దుర్గాబాయి నల్లద్దాలు తీసి వాటిని చూసింది. చాయ్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది.

కలగాపులగం. నేరేడు అరలో సగం నలుపు. నలుపు పక్కన ముదురు నీలం, ఒకే రంగన్నట్టు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. తెలుపులో గంధం. బూడిదలో లేత ఊదా. ఎవరు సర్దారో అడగక్కర లేదు. మడమ ఎత్తి, తాను అంచును బొటనవేలితో లోపలికి నొక్కి పెట్టే అలవాటు దుకాణంలో ఆమె ఒక్కదానిదే. ప్రతి తాను మీదా ఆ బొటనవేలి నొక్కు ఉంది.

తర్వాత ఇంకొకటి కనబడింది. తానులు చుట్టిన గోధుమ రంగు అట్టల చివర గోరంత అక్షరాలు. నీలం బాల్‌పెన్నుతో రాసినవి. నేరేడు తానుల అట్టల మీద 'నే'. నల్లవాటి మీద 'న'. ముదురు నీలం మీద 'నీ'. గంధం మీద 'గం'. ఆ అక్షరాలు కొత్తవి కావు, చేతులు తగిలి తగిలి కొన్ని అరిగిపోయాయి. గోధుమ రంగు అట్ట మీద నీలం సిరా. చాయ్ గ్లాసులోంచి చూసే కంటికి అవి లేనట్టే. ఇన్నాళ్ళూ ఆమె ముక్కు ముందరే ఉన్నాయి.

దుర్గాబాయి లేచి 'న' తానూ, 'నే' తానూ లాగి మెట్టు మీదికి పట్టుకుపోయింది. కొత్త కంటితో చూసింది. ఒకటి నలుపు, ఒకటి నేరేడు, కొరికితే నాలుక మీద రంగు అంటుకునేటంత నేరేడు. కొత్త కన్ను మూసి పాత కంటితో చూసింది. రెండూ ఒకటే.

ఒక్క మీటరు గుడ్డ మడవడానికి అంతసేపు ఎందుకు పట్టేదో ఆమెకు అప్పుడు తెలిసింది. తను నేరేడు అని నల్ల తాను చూపేది. ఆ పిల్ల అవునక్కా అని తనెదుటే నల్లది కోసేది. స్తంభం వెనక్కి పోయి, అక్షరం చూసి, అసలు నేరేడు కోసి, అది మడిచి కవర్లో పెట్టేది. తప్పు కోసిన ముక్కలు కట్‌పీసు గంపలో పడేవి. ఆ గంప ఎప్పుడూ నిండుగా ఎందుకుంటుందని తను ఆ పిల్లనే తిట్టేది. బేస్తారం నాడు పిల్ల లేదు. ఆ ఒక్క రోజు దుర్గక్క కన్ను నిజంగా దుర్గక్కదే అయింది. పెళ్ళింటికి నలుపు పోయింది.

చక్రపాణికి అంతా చెప్పింది. దాచకుండా చెప్పింది. అతను విని, చాలాసేపు మీటరు కర్రను గల్లా మీద దొర్లించాడు. అట్టల మీది అక్షరాలు తనూ చూశాడట, స్టాకు గుర్తులనుకున్నాడట. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"ఇప్పుడు నీ కన్ను బాగయింది గద దుర్గక్కా. మంది మరిచిపోతున్నరు. మళ్ళ మనమే యాది జేసుడెందుకు? నీ పేరు మీద నడుస్తాంది దుకాణం. ఇంకో పిల్లను చూస్త తియ్."

దుర్గాబాయి అప్పుడు ఎదురు చెప్పలేదు. ఇందులో దాచేదేమీ లేదు, ఆమె ఎదురు చెప్పకపోవడానికి కారణం పిరికితనమే. మెట్టు మీద ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషికి మెట్టు దిగడమంటే ప్రాణం మీదికి వస్తుంది. రెండు రోజులు అరలు సర్దుతూ గడిపింది. వచ్చిన ఆడవాళ్ళు కన్ను ఎట్లా ఉందని అడిగి, ఇప్పుడిక మీ కన్నుకు తిరుగుండదని మెచ్చుకున్నారు. ప్రతి మెచ్చుకోలూ ఇసుక రేణువై కొత్త కంట్లో పడింది.

గురువారం మధ్యాహ్నం ఒకామె చీరకు లైనింగు తీసుకుంటూ మాటల మధ్య చెప్పింది. కొంపల్లిలో తన తమ్ముడి బట్టల దుకాణానికి అత్వెల్లి పిల్ల ఒకతి పని అడగడానికి వచ్చిందట. పెళ్ళింటికి నల్ల జాకెట్టు ఇచ్చిన పిల్లవు నువ్వేనా అని తమ్ముడు అడిగితే ఏమీ అనకుండా వెళ్ళిపోయిందట. మా తమ్ముడు హుషారు, ఆరా తీయకుండా ఎవరినీ పెట్టుకోడు అని ఆమె గర్వపడింది. దుర్గాబాయి లైనింగు మడిచి ఇచ్చింది. నల్లద్దాలు పెట్టుకుంది. ఎల్లేష్‌కు ఫోన్ చేసి ఆటో తెమ్మన్నది.

అత్వెల్లిలో హైవేకు రెండు సందుల లోపల రేకుల ఇల్లు. వాకిట్లో చాప పరిచి, పికో మిషను ముందు సుచిత్ర వంగి కూర్చుంది. ఒళ్ళో ఎవరిదో చీర అంచు, అది వేళ్ళ కింద మెల్లగా ముందుకు జరుగుతోంది. దుర్గాబాయిని చూసి మిషను ఆపి లేచింది. కన్ను చేయించుకున్నావా అక్కా అని ముందు అడిగింది. నీళ్ళు తెచ్చింది. స్టూలు వేసి, ఎండ మొహం మీద పడకుండా పక్కకు జరిపింది. ఆ మర్యాదకు దుర్గాబాయి ప్రాణం ఇంకా చచ్చింది. తానుల నుంచి కోసి తెచ్చిన రెండు అట్ట ముక్కలు కొంగులోంచి తీసి చాప మీద పెట్టింది. ఒకదాని మీద 'నే', ఒకదాని మీద 'న'.

"ఎన్నొద్దుల సంది?"

సుచిత్ర వాటిని చూసి తల దించుకుంది. "రెండేండ్లు అయితాంది అక్కా."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్పేటంత దాన్నా? నేరేడంటే ఏందో నాకు తెల్వకపోతే మెట్టు మీద నిలబెట్టి చూపిచ్చింది నువ్వే. అన్ని రంగులు గట్లనే చూపిచ్చినవ్. నువ్వు అప్పుడు చెప్పినవే నేను రాసి పెట్టిన."

 దుర్గాబాయి ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోతుండగా వాకిట్లో స్కూటీ ఆగింది. రావల్‌కోల్ లక్ష్మీకాంతమ్మ తోడికోడలు దిగింది. పట్టుచీరకు ఫాలు వేయించుకోవడానికి వచ్చింది. ఆమె చెవిలో ఒక మాట వేస్తే సాయంత్రానికి మండలమంతా తెలుస్తుందని పేరు. చీర ఇస్తూ, నవ్వుతూనే, నల్ల జాకెట్టు పిల్లవు నువ్వేనంట గద, జర చూసి వెయ్ బిడ్డా అన్నది. చూస్తనమ్మా అన్నది సుచిత్ర. ఆ మాట ఎన్నోసారి అంటోందో, దాంట్లో ఉలికిపాటు కూడా లేదు.

దుర్గాబాయి స్టూలు మీది నుంచి లేచింది.

"గా నల్లది ఇచ్చింది నేను. మీ అక్క చీరను ఎండల చూసి, నేరేడని చెప్పి, నల్లది కోసిచ్చింది నేను. నా కండ్లల్ల మోతిబిందు. రెండేండ్ల సంది మీరు దుర్గక్క కన్ను అన్నది ఈ పిల్ల కన్నును. ఆ రోజు ఈమె దుకాన్ల లేదు. ఉంటే నల్లది మీ గడప తొక్కకపోవు."

వచ్చినామె నవ్వు మొహం మీదే ఆగింది. హైవే మీద లారీ ఒకటి హారను కొడుతూ పోయింది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది.

"అప్పుడు కనబడలే" అన్నది దుర్గాబాయి.

రేపు రావల్‌కోల్ వచ్చి లక్ష్మీకాంతమ్మ ముందర ఇదే మాట చెబుతానని, ఈలోగా మీరే చెప్పినా మంచిదేనని అన్నది. ఈ పిల్ల తిరిగి వస్తేనే తాను దుకాణం మెట్టు ఎక్కుతానని చక్రపాణికీ చెబుతానన్నది. ఆ మాటలన్నీ ఆడేసరికి గుండె మీది బరువు దిగింది. పేరు పోతే ఎలా ఉంటుందోనని రెండు రోజులు భయపడింది. పోయాక చూస్తే మెట్టు దిగినంతే ఉంది.

 సుచిత్ర కళ్ళు తుడుచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత వచ్చినామె చేతిలోంచి పట్టుచీర అందుకుని, వాకిలి దాటి ఎండలోకి పోయింది. కొంగును ముంజేతి మీద పరిచింది. తల ఒక పక్కకు వాల్చింది. చూసి, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని, ఎప్పటిలాగే ముందు మాట దుర్గాబాయికే వదిలిపెట్టింది.

"అక్కా, ఇటు రా. ఇదేం రంగు?"

దుర్గాబాయి ఎండలోకి వెళ్ళింది. నల్లద్దాలు పైకెత్తింది. అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితో చాలాసేపు చూసింది.

"ముదురు నీలం" అన్నది.

అని, సుచిత్ర మొహంలోకి చూసింది.

"అవునా?"

"అవునక్కా" అన్నది సుచిత్ర.